కొత్త రేకు

మే 12, ఆదివారం

మావయ్యగారింట్లో భోజనాలు. కంచాల్లో అన్నం పడకముందే మారాజు మీద పొగడ్తలు వడ్డించేశారు.

మారాజంటే నా తోడల్లుడు, మా ఆవిడ చెల్లెలి మొగుడు. ఇళ్ళకీ, షెడ్లకీ, గోడౌన్లకీ రేకుల కప్పులు వేస్తాడు. ఆ పేరు పెట్టింది నేనే. ఈ డైరీలో తప్ప పైకి ఎక్కడా అనను. మెడలో తువ్వాలు, పళ్ళ మధ్య ఎప్పుడూ ఒక అగ్గిపుల్ల, నడకలో ఆ ఊపు చూస్తే ఊళ్ళో కప్పులన్నీ వాళ్ళ తాత వీడి పేర రాసిచ్చినట్టుంటుంది.

"చిన్నల్లుడు వేసిన కప్పు వంక పదేళ్ళపాటు తలెత్తి చూడక్కర్లేదు," అన్నాడు మావయ్య. తరవాత నా వైపు తిరిగాడు. "మీ షాపు కప్పు ఇంకా కారుతూనే ఉందా? వీణ్ణి పిలవచ్చు కదయ్యా!"

"అన్నయ్య నన్నెందుకు పిలుస్తారు మావయ్యా! నేనెక్కితే బోల్టులు కొట్టేస్తానని ఆయన భయం," అన్నాడు మారాజు నోటినిండా అన్నంతో.

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. మిగతావాళ్ళు ఆపేశాక కూడా ఒక్క క్షణం ఎక్కువ నవ్వింది. నేను గమనించాను.

మే 13

పిలవను.

మే 16, గురువారం

ఈ కప్పు సంగతి తేల్చెయ్యాలి. వానలు దగ్గర పడుతున్నాయి. షాపంటే పెద్ద భవనమేమీ కాదు, ఇంటి వెనక షెడ్డు. సిమెంటు రేకులు, మధ్యలో వెలుతురు కోసం ఒక ఫైబరు రేకు. దాని కిందే నా కుట్టు బల్ల. పుస్తకాలు కుట్టేవాడు సూదిలో దారం ఎక్కించాలంటే ఎండ కావాలి కదా. ఆ రేకు అంచుల దగ్గరే కారుతోంది. ఏళ్ళ తరబడి ఎండకి మాడి, పసుపెక్కి, గోటితో గీరితే పొడి రాలుతోంది.

నేను బైండరుని. వెన్ను విరిగినవి, చెదలు తిన్నవి, పిల్లలు చింపినవి, ఎలాంటి పుస్తకాలైనా నా చేతిలో పడితే మళ్ళీ లేచి నిలబడతాయి. లోపల కుట్టు కుళ్ళిపోయినా పైన మెరిసే అట్ట అంటించి చేతులు దులుపుకునే రకాన్ని కాదు, పక్క వీధివాడిలాగా. పాత కుట్టు విప్పందే కొత్త కుట్టు వెయ్యను. అలాంటివాడికి కప్పు ఒక లెక్కా? కప్పూ ఒక అట్టే. లోపలున్నవాటిని కాపాడ్డానికి పైన వేసేది. అందులో అంత బ్రహ్మవిద్య ఏముందో నాకు అర్థం కాదు.

మే 19, ఆదివారం

అయిపోయింది. ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు.

మా ఆవిడ చెల్లెలింటికి వెళ్ళింది. అది గేటు దాటగానే నిచ్చెన వేశాను. రేకుల మీద నిలబడి నడిస్తే ప్రమాదమని విన్నాను, అందుకని బోర్లా పడుకుని పాకుతూ వెళ్ళాను. అంచులకి మాత్రం అంటిద్దామనుకున్నాను. తీరా దగ్గరికెళ్ళి చూస్తే ఫైబరు రేకు ఒళ్ళంతా సన్నని పగుళ్ళు. అంచులతో సరిపెట్టడమెందుకని మొత్తానికే వేసేశాను. కింద తారు పూత, దాని మీద అట్టలకి వాడే కాలికో గుడ్డ, దాని మీద మళ్ళీ తారు. ఎక్కడా ముడత లేదు, బుడగ లేదు. అరచేత్తో రుద్ది రుద్ది నున్నగా చేశాను.

అంటించినదేదైనా బరువు కింద పెట్టకపోతే జిగురు పట్టదు. ఈ సంగతి మారాజుకి తెలుసా? ఇటుకలు మోసుకెళ్ళి గుడ్డ మీద వరసగా పేర్చాను. పేరుస్తుంటే ఆ రేకు ఒకటి రెండు సార్లు టక్కుమంది. ఆరేటప్పుడు అట్టలూ అలాగే చప్పుడు చేస్తాయి.

మే 21

ఇటుకలు దింపాను. గుడ్డ బ్రహ్మాండంగా పట్టింది. కానీ బూడిద రంగు రేకుల మధ్య ఆ నల్ల మచ్చ, చిరిగిన చొక్కాకి వేసిన మాసికలా కనబడుతోంది. వీధి చివర మేడ మీంచి చూసేవాడికి కూడా తెలిసిపోతుంది. అతుకు కనపడకూడదు. అదీ నా పద్ధతి.

వెండి రంగు తెప్పించి కప్పంతా కొట్టేశాను. రేకులకీ, బోల్టులకీ, గుడ్డకీ అన్నిటికీ ఒకటే రంగు. కిందకి దిగి చూస్తే ఏది ఎక్కడుందో నాకే తెలియలేదు. చాలా సంతోషం వేసింది.

మే 22

లోపల చీకటైపోయింది. అది ముందు తట్టలేదు. బల్ల మీద లైటు పెట్టుకున్నాను. పైకి చూస్తే పగుళ్ళలోంచి తారు చుక్కలు చుక్కలుగా దిగి అసహ్యంగా ఉంది. మందపాటి అట్టలు కోసి, తెల్ల కాగితం అంటించి, కమ్మీలకి బిగించి దాన్ని కింద నుంచి కూడా మూసేశాను. ఇప్పుడు శుభ్రంగా ఉంది.

మా ఆవిడ కాఫీ తెచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"వెలుతురు రేకు ఏమైందండీ?"

"తీసేశాను. కొత్త సిమెంటు రేకు వేశాను."

"మీరొక్కరే ఎత్తారా?"

"మరి నీ మరిది వచ్చి ఎత్తాడా?"

నోట్లోంచి అలా వచ్చేసింది. అయినా తప్పేముంది? గుడ్డా తారూ కలిసి గట్టిపడ్డాక అది కొత్త రేకు కింద లెక్కే. మా ఆవిడ పైకి చూసింది, నన్ను చూసింది. "పర్వాలేదే!" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా పని చూసి అది పర్వాలేదే అనడం ఇదే మొదలు.

మే 26, ఆదివారం

మావయ్య చూడ్డానికి వచ్చాడు. మరదలూ వచ్చింది. మావయ్య పెరట్లో నిలబడి చెయ్యి అడ్డం పెట్టుకుని కప్పుని చూశాడు. లోపలికొచ్చి నెత్తిమీది తెల్ల కాగితాన్ని చూశాడు.

"పెద్దల్లుడు కూడా పనిమంతుడేనే," అన్నాడు కూతుళ్ళతో.

మరదలు, "బావా, ఇక మా ఆయనకి పోటీ వచ్చేశారు," అంది.

పెద్దల్లుడు కూడా పనిమంతుడే. ఆ 'కూడా' లేకపోతే ఇంకా బాగుండేది.

జూన్ 9

మొదటి వాన. గంటసేపు దంచింది. లోపల ఒక్క చినుకు లేదు. ఒక్క చినుకు కూడా.

జూన్ 20

ఇవాళ కూడా లేదు. మారాజుకి ఫోను చేసి చెప్పాలనిపించింది. చెయ్యలేదు. వాడు వినయం నేర్చుకోవలసిన రోజు దానంతటదే వస్తుంది.

జూన్ 27

నెత్తి మీద అట్ట కొంచెం ఉబ్బినట్టుంది. తేమ వల్ల.

జూన్ 30, ఆదివారం

ఉబ్బిన అట్ట చిరిగి నీళ్ళన్నీ ఒక్కసారిగా పడ్డాయి. ఇన్నాళ్ళూ కారలేదనుకున్నది నిజానికి కారుతూనే ఉంది. అట్ట మీద పేరుకుందంతే. కాలేజీ లైబ్రరీవాళ్ళ నిఘంటువులు కట్టలు కట్టలుగా బల్ల మీదే ఉన్నాయి. పాతవి, మళ్ళీ అచ్చవ్వనివి. పేజీలు అంటుకుపోయాయి, తారు మరకలు. నేను తలుపు గడియ పెట్టుకుని ఒక్కొక్క పేజీ విడదీస్తుంటే మా ఆవిడ కిటికీలోంచి చూసింది.

"కొత్త రేకు కారుతోందా?"

"గాలికి జల్లు కొట్టింది."

"పై నుంచి జల్లు కొట్టడమేంటండీ?"

చిరిగిన అట్ట తీసేసి వెంటనే కొత్త అట్ట బిగించాను. కిందనుంచి చూస్తే మళ్ళీ శుభ్రం.

జులై 2

మారాజు పడ్డాడు.

జులై 5, శుక్రవారం

నాలుగు ముక్కలు రాస్తే తప్ప మనసు కుదుటపడేలా లేదు.

వాణ్ణి పిలిచింది మా ఆవిడ. నాతో మాట మాత్రం చెప్పలేదు. మధ్యాహ్నం గేటు చప్పుడైతే బయటికొచ్చాను. భుజం మీద రేకుల పైన పరిచి నడిచే చెక్క పలకలు, చేతిలో తాడు, పళ్ళ మధ్య అగ్గిపుల్ల. కప్పు చూసి ఈల వేశాడు.

"ఏంటన్నయ్యా, కప్పుని పెళ్ళికూతుర్ని చేశారు! ఒళ్ళంతా వెండే!"

మా ఆవిడ నిచ్చెన అడుగు పట్టుకుంది. వాడు సగం ఎక్కి ఆగాడు. చాలాసేపు చూశాడు. మొహంలో ఆ వెటకారం పోయింది. అలాంటి మొహం వాడికుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"బోల్టు తలలు కనబడట్లేదన్నయ్యా. అవి కనబడితేనే కాలు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. మధ్యలో ఫైబరు రేకు ఉండాలి కదా. దాన్ని తీసేశారా, ఉంచారా?"

"మావయ్య చెప్పలేదా?"

"చెప్పారు. మావయ్య చెప్పిన మాట మీద నేను ఎక్కను. వేసినవాళ్ళు చెప్పాలి. తీసేశారా?"

మా ఆవిడ నన్నే చూస్తోంది. ఉంచానంటే, మావయ్య ముందు ఆడిన మాట, మరదలి మాట, ఆవిడ అన్న ఆ 'పర్వాలేదే', అన్నీ ఒక్కసారే పోతాయి. ఆదివారం భోజనాల దగ్గర వీడు ఆ కథ చెప్పి నవ్విస్తాడు. వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం, నేను బతికున్నన్ని ఆదివారాలూ.

"తీసేశాను," అన్నాను.

"నిజంగా మీరొక్కరే ఎత్తారా?"

"ఏం, పని నీకొక్కడికే వచ్చా?"

"అబ్బే! మీకు దండం పెట్టాలన్నయ్యా," అని ఎక్కేశాడు.

నేను లోపలికి వెళ్ళి కుట్టు బల్లని గోడవైపు జరిపాను. పైన మనిషి తిరిగితే దుమ్ము రాలుతుంది కదా. పుస్తకాలు పాడైపోతాయని.

పైన పలకలు వేస్తున్న చప్పుడు వినబడింది. గీకుతున్న చప్పుడు. తరవాత వాడి గొంతు: "అన్నయ్యా, ఈ గుడ్డేంటి! కప్పుకి బైండింగ్ చేశారా?" అని నవ్వాడు. ఆ నవ్వు పూర్తి కాలేదు. పలక మీంచి పక్కకి అడుగు వేసినట్టున్నాడు, సరిగ్గా చూద్దామని. రేకు విరిగి, తెల్ల కాగితం చింపుకుని, నడుము నేలకి కొట్టుకునేలా పడ్డాడు. కొంత వెలుతురు కూడా వాడితోపాటు లోపలికొచ్చి పడింది.

తీసేశాను అన్నాను. తీసేసినట్టే కదా. దాంట్లోంచి వెలుతురు రానప్పుడు అది ఉన్నా లేనట్టే.

అంబులెన్సు వచ్చేదాకా వాడి కళ్ళు తెరిచే ఉన్నాయి. కాళ్ళు ఎక్కడున్నాయి, కాళ్ళు ఎక్కడున్నాయి అని అడుగుతూనే ఉన్నాడు.

జులై 6

ఇది కూడా రాసెయ్యాలి. ఆ రోజు ఆసుపత్రి నుంచి వచ్చాక మా ఆవిడ షెడ్డు ఊడ్చింది. చీపురు పట్టుకుని ఉన్నట్టుండి ఆగిపోయింది. వంగి ఒక ముక్క తీసింది. పసుపు రంగు ఫైబరు, దాని మీద గుడ్డ, దాని మీద వెండి రంగు.

"ఇదేనా కొత్త రేకు?"

"ఊడ్చెయ్," అన్నాను.

తరవాత ఊడ్చేసింది. ముక్కలన్నీ గోనెసంచిలో ఎత్తి మూతి కట్టి చెత్తబండిలో నేనే వేసి వచ్చాను. గచ్చు మీద రక్తం పెద్దగా లేదు. ఆశ్చర్యం.

పడుకోబోయే ముందు అంది: "బల్ల అక్కడే ఉండుంటే దాని మీద పడేవాడు. అంత ఎత్తు నుంచి నేల మీద పడేవాడు కాదు."

దానికి నేనేం చెయ్యను? దుమ్ము పడుతుందని జరిపాను.

జులై 11

వెన్నుపూస దగ్గర నరం తెగిందన్నాడు డాక్టరు. నడుము కింద ఇక ఏమీ లేదట. మరదలు డాక్టరు చొక్కా పట్టుకుని ఏడ్చింది. మావయ్య ఒక్కసారిగా ముసలివాడైపోయాడు. నేను అందరికీ టీలు తెచ్చాను. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు నిబ్బరంగా ఉండాలి.

జులై 14

వాడు ఎక్కబోతుంటే జాగ్రత్తగా చూసుకో అని కూడా అన్నాను. అన్నట్టే గుర్తు.

జులై 19

కాలేజీవాళ్ళు నిఘంటువులు తీసుకెళ్ళిపోయారు. లైబ్రేరియన్ ఒక్కొక్క సంపుటం తెరిచి మూశాడు. ఏమీ అనలేదు. ఇంత పెద్ద కష్టం వచ్చిన కుటుంబమని ఊరుకున్నట్టున్నాడు.

జులై 25

కాగితాల షావుకారు పరామర్శకి వచ్చాడు. కూర్చుని చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"అంత చెయ్యి తిరిగినవాడు అలా ఎలా పడ్డాడయ్యా? తాగి ఎక్కాడా ఏంటి?"

"నేను దగ్గరికెళ్ళి వాసన చూడలేదు," అన్నాను.

అంతే అన్నాను. అబద్ధం ఒక్కటీ లేదు. నిజంగానే నేను వాసన చూడలేదు.

జులై 28

చూసుకో అన్నాను. రెండుసార్లు అన్నాను. వాడు ఈల వేసుకుంటూ ఎక్కేశాడు. ఆ నవ్వు నవ్వకుండా ఉండుంటే ఇవాళ నడిచేవాడు.

ఆగస్టు 6

ఊళ్ళో అందరూ అదే అనుకుంటున్నారట, తాగి ఎక్కాడని. వాడికి పనులిచ్చే మేస్త్రీ మొదట్లో రోజూ వచ్చేవాడు. ఇప్పుడు రావడం మానేశాడు. మరదలు మా ఇంటికొచ్చి ఏడ్చింది.

"ఆయన చుక్క ముట్టుకోరు బావా. మీకు తెలుసు కదా! ఎవరు పుట్టించారో ఈ మాట, వాళ్ళ నోరు పడిపోను."

"నోళ్ళు ఎవరు మూయగలరమ్మా," అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి బయటికి రాలేదు.

ఆగస్టు 7

మా ఆవిడ ఇవాళ నాతో మాట్లాడిన మాటలు: ఉప్పు సరిపోయిందా.

ఆగస్టు 16

మధ్యలో ఆ రేకు దగ్గర చూసుకో అన్నాను. చెయ్యి కూడా చూపించాను, అటు అని. ఒక మనిషి చెయ్యి ఎత్తి చూపిస్తే చూడకపోవడం ఎవరి తప్పు?

ఆగస్టు 23

మారాజుని ఇంటికి తీసుకొచ్చారు. నన్ను చూడాలంటున్నాడట. మరదలు రెండుసార్లు కబురు పంపింది. పనుందని చెప్పించాను. పనేమీ లేదు. కప్పుకి కంత అలాగే ఉంది, దాని మీద టార్పాలిన్ కప్పాను. గాలొస్తే కొట్టుకుంటోంది. రేకుల పనివాళ్ళు ఎవరిని పిలిచినా మొహమాటపడుతున్నారు. వాళ్ళలో సగం మంది వాడి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే.

ఆగస్టు 25, ఆదివారం

వెళ్ళాం, నేనూ మా ఆవిడా. మావయ్య ముందే వచ్చి కూర్చున్నాడు.

ముందుగదిలో మంచం. మారాజు గోడకి ఆనుకుని ఉన్నాడు. నడుము పైన మనిషి అలాగే ఉన్నాడు, అవే భుజాలు. దుప్పటి కింద ఏమీ లేనట్టుంది. నోట్లో అగ్గిపుల్ల లేదు. గడ్డం పెరిగింది. నన్ను చూడగానే లేవబోయాడు, అలవాటు కొద్దీ. లేవలేకపోయాడు. అది చూసి మరదలు లోపలికెళ్ళిపోయింది.

"అన్నయ్యా, ఒక్క మాట అడగాలని పిలిపించాను. ఏమీ అనుకోకండి."

"అడుగు తమ్ముడూ."

"ఆ రోజు నిచ్చెన మీంచి మిమ్మల్ని అడిగాను. ఫైబరు రేకు తీసేశారా అని. అడిగినట్టు గుర్తుంది. మీరేమన్నారో గుర్తు రావట్లేదు. ఎంత ఆలోచించినా అక్కడికొచ్చేసరికి చీకటి. తలకి దెబ్బ తగిలింది కదా. కాళ్ళు పోతే పోయాయి. కానీ రోజంతా పడుకుని అదే ఆలోచిస్తున్నాను. నేను అడక్కుండా ఎక్కానా? చెప్పినా వినకుండా ఎక్కానా? పదహారో ఏట నుంచి ఎక్కుతున్నాను కప్పులు. ఒక్క రోజు కాలు తప్పలేదు. నా పనితనం పోయిందా, ఇంకేమైనా జరిగిందా, అదొక్కటి తెలిస్తే చాలు. ఎలా ఉన్నా సరే పడుంటాను."

మరదలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మావయ్య నా వైపు చూశాడు. మారాజు కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. వాణ్ణి అలా అడుక్కునేవాడిలా ఎప్పుడూ చూడలేదు.

చెప్పవలసిందే చెప్పాను.

"తమ్ముడూ, మీ అందరి దగ్గరా గొప్పకి కొత్త రేకు వేశానని చెప్పుకున్నాను. అది నా బుద్ధితక్కువ. వెయ్యలేదు. పాతదాని మీదే గుడ్డ అంటించి రంగు వేశాను. కానీ ప్రాణం దగ్గర గొప్పలేంటి? నువ్వు అడగ్గానే నిజం చెప్పేశాను. తియ్యలేదు, మధ్యలో ఉంది, అటు కాలు పెట్టకు అన్నాను. చెయ్యెత్తి చూపించాను కూడా. నువ్వు విన్నావనే అనుకున్నాను."

మరదలు గుమ్మం పట్టుకుని, "అక్కా, నువ్వు అక్కడే ఉన్నావు కదా. నిచ్చెన పట్టుకున్నది నువ్వే కదా. బావ చెప్పారా?" అంది.

మా ఆవిడ చెల్లెల్ని చూసింది. మంచాన్ని చూసింది. నా వైపు మాత్రం చూడలేదు.

"చెప్పారు. నేను విన్నాను," అంది.

మారాజు మొహంలో ఏదో కూలిపోయింది. కాసేపు దుప్పటి మీద చేతులు చూసుకున్నాడు.

"అయితే నేనే," అన్నాడు. "నాదే పొగరు. ఈయనకేం తెలుసులే అనుకుని ఉంటాను." తరవాత రెండు చేతులూ జోడించాడు. "అన్నయ్యా, మిమ్మల్ని అనుమానించాను. మా ఆవిడ దగ్గర మీ మీద అనరాని మాటలన్నాను. అన్నయ్యే నన్ను చంపేశాడే అన్నాను. నన్ను క్షమించండి."

వాడు ఏడ్చాడు. మరదలు వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని, "నన్ను కూడా క్షమించండి బావా," అంది. మావయ్య కళ్ళు తుడుచుకుని, "పరువు పోతుందని కూడా చూసుకోకుండా నిజం చెప్పాడు. పెద్దల్లుడు పెద్దల్లుడే," అన్నాడు.

క్షమించాను అన్నాను. ఏం చేస్తాం, మనవాడే కదా.

తిరిగి వస్తుంటే మా ఆవిడ నాకంటే ముందు నడిచింది. వీధి మలుపు దగ్గర ఆగింది.

"మీ కోసం చెప్పాననుకోకండి," అంది. "వాణ్ణి పిలిచింది నేను. నిచ్చెన పట్టుకుంది నేను. తీసేశానని మీరన్నది విన్నాను, అనుమానపడ్డాను, నోరు మూసుకున్నాను. నిజం తెలిస్తే మా చెల్లెలు ఇక నా మొహం చూడదు. అందుకని చెప్పాను. ఇప్పుడది నన్ను పట్టుకుని ఏడుస్తుంది, అక్కా నువ్వే దిక్కంటుంది. అదెలా భరించాలో నాకు తెలియట్లేదు. మిమ్మల్ని చూస్తే ఒళ్ళంతా జలదరిస్తోంది."

జనం వస్తున్నారని నేను మెల్లగా మాట్లాడమన్నాను. ఆడవాళ్ళకి ఇలాంటివి తట్టుకోవడం కష్టం. కొన్నాళ్ళకి సర్దుకుంటుంది. ఎంతైనా నా పక్షాన నిలబడింది.

ఆగస్టు 26

చెప్పాను. నిచ్చెన దగ్గరే చెప్పాను. ఉంది, అటు కాలు పెట్టకు అని.

సెప్టెంబరు 1, ఆదివారం

మా ఆవిడ వేరే గదిలో పడుకుంటోంది. నడుము నొప్పట.

సెప్టెంబరు 8, ఆదివారం

మరదలు వచ్చింది. కళ్ళు లోపలికి పోయాయి. మా ఆవిడ తలుపు తియ్యలేదు, తలనొప్పని లోపలి నుంచే చెప్పింది. నేనే కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను.

మారాజు తిండి మానేశాడట. పుండ్లు పడ్డా మందు రాయనివ్వడం లేదట. ఎవరు చూడ్డానికి వచ్చినా తనే చెప్పేస్తున్నాడట, మా అన్నయ్య చెప్పాడు, నేనే వినలేదు అని. నిన్న తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందర్నీ పిలిపించాడట. మంచం చుట్టూ నిలబెట్టాడట. వాళ్ళలో ఒకడు ఇప్పుడు సొంతంగా పెద్ద పెద్ద పనులు చేస్తున్నాడు. మారాజు వాళ్ళతో, "నేను నేర్పింది నమ్మకండి. పలక వేసి నడవమన్నాను, అడిగి ఎక్కమన్నాను, అన్నీ నోటిమాటలే. నేనే పాటించలేదు. ఇంకెవరి దగ్గరైనా మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోండి. నా పేరు ఎక్కడా చెప్పుకోకండి," అన్నాడట. వాళ్ళు వద్దంటే ఒట్టు వేయించుకున్నాడట.

"మనిషి ఉండడు బావా. నాకు తెలిసిపోతోంది," అంది మరదలు. "మీరొకసారి వచ్చి చెప్పండి. మీ మాటైతే వింటారు."

వస్తానన్నాను. ఆ మనిషి ఎలాంటివాడైనా ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. తన తప్పు తాను నలుగురిలో ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి. అది అందరికీ ఉండదు.